శనివారం మూడో పీరియడ్

మా పాఠశాల కాలపట్టికలో శనివారం మూడో పీరియడ్ గడిలో ఏ పాఠ్యాంశం పేరూ ఉండదు. నాలుగేళ్లుగా అక్కడ "ఆట" అన్న ఒక్క మాటే రాసి ఉంటోంది. ఆ గంటకు తిరుపతిలోనే ఉన్న ఒక ప్రత్యేక పాఠశాల నుంచి మేధో వైకల్యం ఉన్న పద్నాలుగు మంది పిల్లలు మా మైదానానికి వస్తారు. మా ఎనిమిదో తరగతి పిల్లలు పద్నాలుగు మంది వాళ్లతో జతకడతారు. నేను ఈ పురపాలక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ఇదంతా ఎలా మొదలైందని ఈ మధ్య ఇద్దరు తోటి ఉపాధ్యాయులు అడిగినప్పుడు రెండు ముక్కల్లో చెప్పి పంపించాను గానీ, నిజంగా చెప్పాలంటే చంద్రగిరి దగ్గర మా పల్లెలో, మా ఇంట్లో, మా తమ్ముడి దగ్గర మొదలుపెట్టాలి.

తమ్ముడు నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు. నడక ఆలస్యంగా వచ్చింది, మాట ఇంకా ఆలస్యంగా వచ్చింది. బడిలో వేస్తే పదిహేను రోజులకే అయ్యవారు ఇంటికి పంపించేశారు. ఊళ్లో వాణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. "వెర్రోడు" అన్నదే పేరయింది. నన్ను చూసుకోవడానికి పెళ్లివారు వచ్చిన రోజున మా అవ్వ వాడి చేతిలో మురుకుల గిన్నె పెట్టి పెరట్లో పశువుల కొట్టంలో కూర్చోబెట్టింది. వచ్చినవాళ్లు వెళ్లేదాకా వాడు అక్కడే ఉన్నాడు. నేను అడ్డు చెప్పలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సంగతి రాయాలంటే చెయ్యి ఆగుతోంది.

వాణ్ణి సికింద్రాబాదు తీసుకువెళ్లినది మా నాయన. అక్కడ మనోవికాస్ నగర్‌లో 1984లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన జాతీయ సంస్థ ఉంది. అప్పట్లో దాని పేరులో "మానసిక వికలాంగులు" అన్న మాట ఉండేది, ఇప్పుడు పేరు మారింది. ఇది మందుతో నయమయ్యే జబ్బు కాదనీ, అయితే పిల్లవాడు నేర్చుకుంటాడనీ, నేర్పే పద్ధతి మాత్రం వేరనీ అక్కడివాళ్లు నాయనకు చెప్పారు. ఆయన అక్కడ నేర్చుకుని వచ్చిన పద్ధతి నాకు ఈనాటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పాలంటే మనమందరం మొదటి గుండీ నుంచి మొదలుపెడతాం. నాయన అన్ని గుండీలూ తానే పెట్టి, చివరి గుండీని కాజాలో సగం దూర్చి వదిలేసేవాడు. తమ్ముడు చేయవలసిందల్లా దాన్ని వేలితో ఇవతలికి లాగడం. లాగగానే పని పూర్తయ్యేది, "అయిపోయిందిరా నాయనా, నువ్వే పెట్టుకున్నావు" అని నాయన వాడి వీపు నిమిరేవాడు. కొన్ని వారాలకు చివరి గుండీ మొత్తం వాడిదయింది, తర్వాత చివరి రెండూ వాడివయ్యాయి. అయిదు గుండీలకూ ఏడు నెలలు పట్టింది. పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, చివరి మెట్టు ముందుగా నేర్పితే, పిల్లవాడికి ప్రతిసారీ పని పూర్తి చేసిన తృప్తే మిగులుతుంది గానీ సగంలో చేతకాక వదిలేసిన బాధ మిగలదు. ఈ ఒక్క పద్ధతి తెలియక ఎన్ని ఇళ్లలో ఎంతమంది పిల్లలు అన్నం ముద్ద కూడా ఒకరి చేతితో తినవలసి వస్తోందో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

గుండీలు పెట్టుకోవడం ఇంట్లో పని. వాణ్ణి ఊళ్లో మనిషిని చేసింది మాత్రం పాల కేంద్రం. తెల్లవారుజామున అయిదింటికి ఖాళీ క్యాన్లను వరుసగా పెట్టడానికి ఒక మనిషి కావాలని నాయనకు తెలిసి అడిగితే, ఆ కేంద్రం నడిపే ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "పంపించు మామా, నేనుండా కదా" అన్నాడు. మొదటి నెల నాయన కూడా వెళ్లి పక్కన నిలబడ్డాడు, రెండో నెల దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డాడు, మూడో నెల ఇంట్లోనే ఉన్నాడు. ఏడాది తిరిగేసరికి ఊళ్లో వాడి పేరు "పాల తమ్ముడు" అయింది. ఒకసారి వాడికి జ్వరం వచ్చి రెండు రోజులు వెళ్లకపోతే నాలుగిళ్లవాళ్లు వాకిట్లోకి వచ్చి అడిగారు. అంతకుముందు పదేళ్లు వాడు ఇల్లు కదలకపోయినా ఎవరూ అడగలేదు. నాయన ఇంటి దగ్గర నేర్పినదీ, పాల కేంద్రం ఆయన బయట ఇచ్చిన చోటూ కలిస్తేనే అది సాధ్యమైంది. ఏ ఒక్కటి లేకపోయినా వాడు కొట్టంలోనే ఉండిపోయేవాడు.

చట్టాల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే చాలామంది తల్లులకు అవి తెలియవు. 1995 నాటి వికలాంగుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 3 శాతం కేటాయించినా అందులో మేధో వైకల్యం ఉన్నవారికి వాటా లేదు. 2016 చట్టం ఆ వాటాను 4 శాతానికి పెంచి, అందులో 1 శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, చదవడం, రాయడం వంటివాటిలో చిక్కుపెట్టే నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అస్వస్థత, బహుళ వైకల్యం ఉన్నవారందరికీ కలిపి ఇచ్చింది. అదే చట్టంలోని 31వ సెక్షను ప్రకారం 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలు ఇంటికి దగ్గరలోని బడిలో గానీ, తాము కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకోవచ్చు. ప్రభుత్వ నిధులు గానీ గుర్తింపు గానీ ఉన్న విద్యాసంస్థలు వివక్ష లేకుండా చేర్చుకోవాలని 16వ సెక్షను చెబుతోంది. ఇంత స్పష్టంగా ఉన్నా, మా వీధిలోని ఒక తల్లి తన కూతుర్ని చేర్పించబోతే ఒక ప్రైవేటు పాఠశాలలో, "మేం వద్దనడం లేదమ్మా, మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరు" అన్నారట. వాళ్లు ఆ మిగతా తల్లిదండ్రుల్లో ఒక్కరిని కూడా అడిగి ఉండరు.

బడిలో చేర్చుకుంటే సరిపోతుందా అంటే అదీ లేదు. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి 10 మంది పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని, 2021లో సుప్రీంకోర్టు ఆదేశించిన తర్వాత, 2022లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. మన రాష్ట్రంలో సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. వాటిలో పనిచేసే సహిత విద్య ఉపాధ్యాయులు ఫిజియోథెరపీ శిబిరాలకూ, వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రాల పనికీ, మంచం దిగలేని పిల్లల ఇళ్లకూ తిరుగుతూనే ఉంటారు. నాకు తెలిసిన ఒకామె సంచిలో ఎప్పుడూ రంగు పూసలూ, పెద్ద గుండీలు కుట్టిన ఒక గుడ్డా ఉంటాయి. అంత శ్రద్ధ ఉన్న మనిషి కూడా ఒక్కతే ఒక ఊరిని మార్చలేదు. బడి, ప్రత్యేక పాఠశాల, ఇల్లు, వీధిలోని అంగడి తలా ఒక చెయ్యి వేయాలి.

మొదట మేమూ అందరూ చేసేదే చేశాం. బాలల దినోత్సవం నాడు అరటిపళ్లూ బిస్కెట్ పొట్లాలూ తీసుకుని, మా విద్యార్థుల్లో ముప్పై మందిని వెంటబెట్టుకుని ఆ ప్రత్యేక పాఠశాలకు వెళ్లాం. పళ్లు పంచాం, పాట పాడాం, వరుసగా నిలబడి ఫొటో దిగాం. మా పిల్లలు ఒక పక్క, వాళ్లు ఒక పక్క. తిరిగి వస్తుంటే గేటు దగ్గర ఒక తల్లి నా చెయ్యి పట్టుకుని, "మళ్లీ ఎప్పుడొస్తారు మేడం?" అని అడిగింది. ఆమె మాటలో నిష్ఠూరం లేదు. కూతురికి చెప్పడానికి ఒక రోజు కావాలి, అంతే. ఏ రోజు చెప్పాలో నాకు తెలియలేదు. ఆ రాత్రి నాకు పాల కేంద్రం గుర్తొచ్చింది. ఆయన మా తమ్ముడికి పండు ఇవ్వలేదు, రోజూ అయిదింటికి రమ్మన్నాడు.

మా ప్రధానోపాధ్యాయుడు వారానికి ఒక పీరియడ్ ఇవ్వడానికి ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. పదో తరగతిని ముట్టుకోకూడదన్నారు, అందుకే ఎనిమిదో తరగతి. ప్రత్యేక పాఠశాలవాళ్లు తమ బండినీ, ఇద్దరు ఉపాధ్యాయులనూ ఇచ్చారు. ఏం చేయించాలన్నది మా వ్యాయామ ఉపాధ్యాయుడు తేల్చారు. 1968లో షికాగోలో మొదలైన స్పెషల్ ఒలింపిక్స్ గురించి ఆయనకు బాగా తెలుసు. 2023లో బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ క్రీడల్లో మన దేశం వాళ్లు 202 పతకాలు తెచ్చారని నాకు చెప్పింది ఆయనే. ఆ ఉద్యమంలో యూనిఫైడ్ స్పోర్ట్స్ అని ఒక పద్ధతి ఉంది. మేధో వైకల్యం ఉన్నవారూ లేనివారూ ఒకే జట్టులో కలిసి ఆడతారు. ఒకరికి మరొకరు సహాయకులు కారు, ఇద్దరూ ఆటగాళ్లే. ఆయన బోచీ అనే ఆట ఎంచుకున్నారు. ముందుగా ఒక చిన్న బంతిని దొర్లిస్తారు, తర్వాత ఒక్కో జట్టు నాలుగేసి పెద్ద బంతుల్ని దానికి వీలైనంత దగ్గరగా వెళ్లేలా దొర్లిస్తుంది. మన గోళీల ఆట తెలిసినవాళ్లకు అరనిమిషంలో అర్థమవుతుంది. పరుగు అక్కర్లేదు, మాట అక్కర్లేదు, చూపూ చెయ్యీ కుదిరితే చాలు.

రెండో వారం జరిగిన ఒక సంగతి చెప్పాలి. మా పిల్లల్లో బాగా ఆడే ఒక కుర్రవాడు, ఎదుటి జట్టులోని ప్రత్యేక పాఠశాల పిల్లవాడు గెలవాలని, తన బంతిని కావాలనే గోడవైపు దొర్లించాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆ పిల్లవాడు మాత్రం నవ్వలేదు. గోడ దాకా నడిచి వెళ్లి, బంతిని రెండు చేతులతో పట్టుకుని తీసుకువచ్చి, మా కుర్రవాడి చేతిలో పెట్టి, "సరిగ్గా వెయ్" అన్నాడు. స్పష్టంగా రెండే మాటలు. మా వ్యాయామ ఉపాధ్యాయుడు ఆట ఆపించి, ఇకమీదట ఎవరూ ఎవర్నీ గెలిపించకూడదని నిబంధన పెట్టారు. ఆ రోజు ఆ పిల్లవాడు ఓడిపోయాడు, మరుసటి వారం రెండు ఆటలు గెలిచాడు. జాలిపడటం మంచి గుణమని మనం పిల్లలకు నేర్పుతాం. నేనూ తరగతిలో అదే చెప్పేదాన్ని. ఎదుటివాడి ఆటను తీసేసుకునే జాలి ఒకటి ఉంటుందని నాకు నేర్పింది ఆ పిల్లవాడే.

పొరపాట్లు కూడా చేశాం, ఒకటి పెద్దదే. మా బడిలో ఎలక్ట్రిక్ బెల్లు కొత్తగా పెట్టించారు, దాని మోత మూడు వీధులకు వినిపిస్తుంది. ఒక శనివారం ఆట మధ్యలో అది మోగగానే, పదకొండేళ్ల పిల్లవాడొకడు చెవులు మూసుకుని పరుగెత్తాడు. గేటు తీసి ఉంది. ఇరవై నిమిషాలు వెతికాం. ఆ ఇరవై నిమిషాలు ఎలా గడిచాయో నేను మాటల్లో పెట్టలేను. చివరికి బస్టాపులో ఒక ముసలాయన పక్కన కూర్చుని కనిపించాడు, ఆయన వాడికి సోడా తాగిస్తున్నాడు. తప్పు పూర్తిగా మాది. శబ్దానికి తట్టుకోలేని పిల్లలు ఉంటారని ప్రత్యేక పాఠశాల ఉపాధ్యాయురాలు ముందే చెప్పారు, మేం పట్టించుకోలేదు. అప్పటి నుంచి శనివారం మూడో పీరియడ్‌కు బెల్లు కొట్టరు, అటెండరు వచ్చి చెయ్యి ఊపుతాడు. గేటు దగ్గర ఇద్దరు పిల్లలు వంతులవారీగా నిలబడతారు. ఆ రోజు ఏమేం జరుగుతుందో వరుసగా బొమ్మలు గీసిన ఒక అట్టను బండి దిగగానే అందరికీ చూపిస్తాం. బండి, మంచినీళ్లు, బంతి, చెట్టు నీడ, మళ్లీ బండి. తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఆ అట్ట మా ఆరో తరగతి పిల్లలకు కూడా నచ్చి, తమ తరగతికీ ఒకటి కావాలని గీసుకున్నారు.

రెండో ఏడాది నుంచి ఈ బంధం మైదానం దాటింది. గేటు దగ్గర నన్ను అడిగిన ఆ తల్లి ఇంట్లో కూర్చుని పూలు కట్టి, గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక పూలంగడికి ఇస్తుంది. కూతురికి ఇప్పుడు పదిహేడేళ్లు, పదికి మించి లెక్క రాదు. అంగడి ఆమెను మేమందరం పూలక్క అంటాం. వారానికి రెండు సాయంత్రాలు ఆ పిల్లను అంగట్లో కూర్చోబెట్టుకుంటారా అని అడగడానికి నేనూ, ప్రత్యేక పాఠశాల టీచరూ వెళ్లాం. పూలక్క మొదట తటపటాయించింది. గిరాకీ వేళలో ఎవరు చూసుకుంటారన్నది ఆమె బాధ, అందులో న్యాయముంది. అందుకని మొదటి నెల టీచరు వెనక కూర్చున్నారు. ఇక్కడా చివరి మెట్టు నుంచే మొదలుపెట్టాం. పూలక్క దండ కొలిచి, తెంపి, ఆకులో పెట్టి, మడతపెట్టి ఇస్తే, పొట్లానికి దారం చుట్టి కొనేవాళ్లకు అందించడం వరకే ఆ పిల్ల పని. తర్వాత మడత వచ్చింది. ఆ తర్వాత కొలత వచ్చింది.

కొలత దగ్గర ఒక చిక్కొచ్చింది. మూర అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా కదా, ఆ పిల్ల చెయ్యి పూలక్క చెయ్యి కంటే రెండంగుళాలు పొడుగు. మూరకు రెండంగుళాల మల్లెలు పోతే వ్యాపారం గిట్టదు. దీనికి మొదట ఒక మార్గం ఆలోచించింది మా విద్యార్థిని ఒకామె. ఆ పిల్ల మోచేతికి కాస్త ఇవతల, పూలక్క మూర ఎక్కడ ముగుస్తుందో అక్కడికి సరిపోయేలా ఒక ఎర్రదారం కట్టి, మోచేతికి బదులు ఆ దారం దాకా కొలిచేలా చేయాలనుకుంది గానీ కుదరలేదు. దారం జారిపోయేది, ఆ పిల్ల దాన్నే చూస్తూ కూర్చునేది. చివరికి అంగడి బల్ల అంచున పూలక్క మూర పొడవుకు రెండు మేకులు కొట్టారు. ఇప్పుడు ఆ పిల్ల దండను ఈ మేకు నుంచి ఆ మేకుకు పరిచి, బ్లేడుతో దారం తెంపుతుంది. వెంట్రుకవాసి తేడా రాదు. "నా చెయ్యి అబద్ధమాడుతుందేమో గానీ ఈ పిల్ల కొలత ఆడదు మేడం" అంటుంది పూలక్క. కొనడానికి వచ్చేవాళ్లలో కొందరు ఇప్పుడు ఆ పిల్లనే కొలవమని అడుగుతారు.

తల్లిదండ్రులు మైదానం అంచున చెట్టు కింద కూర్చున్నప్పుడు అడిగే ప్రశ్న ఒక్కటే, "మేం పోయినాక వీళ్ల గతేంది?" 18 ఏళ్లు నిండాక తల్లిదండ్రులకు కూడా చట్టపరమైన సంరక్షకత్వం దానంతట అది ఉండదనీ, 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలనీ చాలామందికి తెలియదు. అదే ట్రస్టు నిరామయ పేరుతో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఇస్తోంది. ఈ దరఖాస్తులు నింపడానికి నెలకొక శనివారం ఆట అయ్యాక అరగంట కూర్చుంటున్నాం. కాగితాలు అవసరమే. కానీ ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు మా తమ్ముడి జ్వరమూ, వాకిట్లోకి వచ్చిన నాలుగిళ్లవాళ్లూ గుర్తొస్తారు. అమ్మానాయనా పోయారు, వాడికిప్పుడు యాభై ఏళ్లు దాటాయి, నా దగ్గరే ఉంటున్నాడు. అయినా నెలకోసారి వాణ్ణి పల్లెకు తీసుకువెళ్తే, బస్సు దిగిన చోటి నుంచి పాల కేంద్రం దాకా నడవడానికి ముప్పావుగంట పడుతుంది. ప్రతి ఇంటి దగ్గరా ఎవరో ఒకరు ఆపుతారు.

ఇప్పుడు మా ముందున్న పని కార్తీక మాసానికి సంబంధించింది. గాంధీ రోడ్డు వైపు ఒక పూజా సామగ్రి అంగడి ఆయన, ప్రమిదలను డజను చొప్పున అట్టపెట్టెల్లో సర్దడానికి ఇద్దరు మగపిల్లలను రోజుకు రెండు గంటలు పెట్టుకుంటానన్నారు, కూలి కూడా అందరికీ ఇచ్చినట్టే ఇస్తానన్నారు. అందులో ఒకడు, ఆ రోజు గోడ దగ్గరి నుంచి బంతి తెచ్చిచ్చిన పిల్లవాడే. వాడికి పన్నెండు దాకా లెక్క రాదు. మా ఎనిమిదో తరగతి పిల్లలు ఒక చెక్కపలక తెచ్చి, ప్రమిద అడుగు సరిగ్గా ఇమిడేలా దాని మీద పన్నెండు గుండ్రటి గుర్తులు గీశారు. గుర్తులన్నీ నిండితే డజను అయినట్టు. నిన్న వాడు మొదటిసారి పలక నింపి చూశాడు. ఒక గుర్తు కొంచెం చిన్నదిగా ఉండి ప్రమిద ఒరిగిపోతుంటే, వేలితో అక్కడే తట్టి చూపించాడు. సోమవారానికి దాన్ని సరిచేసి తెస్తామని మా పిల్లలు పలకను ఇంటికి పట్టుకుపోయారు.